మన గురించి వాళ్లకు తెలుసు, వాళ్ల గురించి మనకు తెలియాలి

(చిల్కానగర్‌లో మన యువతీ యువకుల కోసం ఏర్పాటు చేసిన సమావేశంలో ఒక గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి మన పండుగల గురించి, మన భాషల గురించి, కొమురం భీమ్ గురించి మంచి మాటలు విన్నాం. మాకు ఇచ్చిన అంశం వాటితో పోలిస్తే చిన్నది. ఉద్యోగం ఇంటర్వ్యూకు వెళ్లే ముందు ఆ కంపెనీ గురించి ఏం తెలుసుకోవాలి, ఎట్లా తెలుసుకోవాలి అన్నది. చిన్నదే అయినా దీని మీద కొందరి బతుకులు నిలబడటం, కొందరివి దెబ్బతినటం హాస్టళ్లలో ఉండి మేము చూస్తున్నాం. అందుకే వివరంగా చెబుతాం. ఫోన్లు పక్కన పెట్టమని అనం. ఈ రోజు ఫోన్‌తోనే పని.

ప్రతి ఎండాకాలం డిగ్రీ చివరి సంవత్సరం పిల్లలు ఇంటర్వ్యూలకు బయలుదేరతారు. ముందు రోజు రాత్రి బట్టలు ఇస్త్రీ చేసుకుంటారు, ఫైలులో మెమోలు వరుసగా పెట్టుకుంటారు, తమ గురించి చెప్పుకునే నాలుగు ఇంగ్లిష్ వాక్యాలు బట్టీ పడతారు. అంతా బాగుంటుంది. "ఏ కంపెనీ అమ్మా?" అని అడిగితే పేరు చెబుతారు. "అది ఏం తయారు చేస్తుంది?" అంటే, "అక్కడికి వెళ్లాక చెబుతారు మేడం" అంటారు. "ఎక్కడుంది?" అంటే, "నాచారం సైడ్ అన్నారు" అంటారు.

ఇప్పుడు ఆ కంపెనీ వైపు నుంచి చూడండి. మన రెజ్యూమె వాళ్ల దగ్గర ఉంది. ఆధార్, పాన్, పదో తరగతి మెమో, కుల ధ్రువీకరణ పత్రం, నాన్న పేరు, ఊరి పేరు, ఫోన్ నంబర్ అన్నీ వాళ్ల దగ్గర ఉన్నాయి. కొన్ని కంపెనీలు మనం చదివిన కాలేజీకి ఫోన్ చేసి మరీ కనుక్కుంటాయి. వాళ్లు మన గురించి ఇంత తెలుసుకుని కూర్చుంటే, మనం వాళ్ల బోర్డు పేరు ఒక్కటి తెలుసుకుని ఎదురుగా కూర్చుంటున్నాం.

మన పెద్దలు ఇట్లా లేరు. ఇప్పపువ్వు, చింతపండు, తేనె మోసుకుని సంతకు పోయినప్పుడు ముందు షావుకారి తక్కెడ చూసేవాళ్లు, రాళ్లు చూసేవాళ్లు. ఆ తక్కెడలో మోసం ఎక్కువైంది కాబట్టే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ, మనం జీసీసీ అంటామే, అది పుట్టింది. ఇప్పుడు మనం సంతకు తీసుకెళ్తున్న సరుకు మన చదువు, మన వయసు, మన పని. తక్కెడ చూసుకోకుండా దింపవద్దు. ఈ రోజు మేము చెప్పే మాట ఇదొక్కటే. మిగతాదంతా చూసుకునే పద్ధతి.

మొదటిది, ఆ కంపెనీ నిజంగా ఉందా?

కేంద్ర ప్రభుత్వ కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖకు ఒక వెబ్‌సైట్ ఉంది. ఎంసీఏ అంటారు. అందులో కంపెనీ పేరు కొడితే దాని వివరాలు కనిపిస్తాయి. ఏ రోజు నమోదైంది, రిజిస్టర్డ్ ఆఫీసు ఎక్కడ, డైరెక్టర్లు ఎవరు, ఇప్పుడు నడుస్తోందా, పేరు కొట్టేశారా అన్నీ ఉంటాయి. ప్రతి కంపెనీకి 21 అక్షరాలు, అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. దాన్ని సీఐఎన్ అంటారు. మనకు తెలిసిన డాక్టర్ రెడ్డీస్ సంఖ్య చూడండి: ఎల్ 85195 టీజీ 1984 పీఎల్‌సీ 004507. ఇది చదవడం వస్తే సగం పని అయినట్టే. మొదటి అక్షరం 'ఎల్' అంటే స్టాక్ మార్కెట్‌లో నమోదైన కంపెనీ. నమోదు కాకపోతే 'యు' ఉంటుంది. తర్వాతి ఐదు అంకెలు ఏ రకం వ్యాపారమో చెబుతాయి. టీజీ అంటే తెలంగాణ. 1984 ఆ కంపెనీ పుట్టిన సంవత్సరం. పీఎల్‌సీ అంటే పబ్లిక్ లిమిటెడ్. ప్రైవేట్ లిమిటెడ్ అయితే పీటీసీ అని ఉంటుంది. చివరిది రిజిస్ట్రేషన్ నంబర్.

"మాది ఇరవై ఏళ్ల కంపెనీ" అని ఎవరైనా చెబితే ఆ నాలుగు అంకెలు చూడండి. అక్కడ నిరుటి సంవత్సరం ఉంటే ఎందుకని అడగండి. కొత్త కంపెనీ అయినంత మాత్రాన చెడ్డది కాదు. పాతదని అబద్ధం చెప్పే కొత్త కంపెనీతోనే జాగ్రత్త. ఇంకో మాట, చిన్న వర్క్‌షాపులు, భాగస్వామ్య సంస్థలు ఎంసీఏలో కనిపించకపోవచ్చు. వాటికి జీఎస్టీ నంబర్ ఉందేమో చూడండి. తెలంగాణలో తీసుకున్న జీఎస్టీ నంబర్ 36తో మొదలవుతుంది.

రెండోది, మనకు జీతం ఇచ్చేది ఎవరు?

ఇది మన పిల్లలు అస్సలు అడగని ప్రశ్న. గేటు మీద ఒక పెద్ద పేరు ఉంటుంది. ఊళ్లో అమ్మానాన్నలకు ఆ పేరే చెబుతాం. తీరా చూస్తే జీతం వచ్చేది ఒక కాంట్రాక్టర్ నుంచి, లేకపోతే ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ నుంచి. ఏడాది తర్వాత ఏజెన్సీ మారితే మన సర్వీసు మళ్లీ మొదటికి వస్తుంది. కాంట్రాక్టు ఉద్యోగం చేయవద్దని మేము చెప్పం. ఇంట్లో పరిస్థితిని బట్టి చేయాల్సి రావచ్చు. చేస్తున్నది కాంట్రాక్టు అని తెలిసి చేయండి. అప్పుడు పరిశోధన రెండు పేర్ల మీద చేయాలి: గేటు మీది పేరు, జీతం చీటీ మీది పేరు.

ఇక్కడ పీఎఫ్, ఈఎస్‌ఐ పనికొస్తాయి. సాధారణంగా 20 మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట పీఎఫ్ వర్తిస్తుంది. మన జీతం నుంచి 12 శాతం, యజమాని వైపు నుంచి 12 శాతం. ఈపీఎఫ్ఓ వెబ్‌సైట్‌లో సంస్థ పేరు వెతికితే అది నమోదైందా లేదా, నెల నెలా డబ్బు కడుతోందా, ఎంతమందికి కడుతోంది అన్నది చూడవచ్చు. "మా దగ్గర మూడు వందల మంది ఉన్నారు" అని చెప్పిన చోట ముప్పై మందికే పీఎఫ్ కడుతున్నట్టు కనిపిస్తే, మిగతావాళ్లు ఎవరి కింద ఉన్నట్టు? అది అడగాల్సిన ప్రశ్న. ఈఎస్‌ఐ పది మంది ఉన్న చోటు నుంచే వర్తిస్తుంది, నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవాళ్లకు. నాచారంలో మన పక్కనే ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. అక్కడ వైద్యం దొరకాలంటే మన పేరు మీద ఈఎస్‌ఐ కట్టి ఉండాలి.

మూడోది, ఆ కంపెనీ ఏం చేస్తుంది, ఈ ప్రాంతంలో ఎందుకు ఉంది?

మనం ఉంటున్న చోటే పెద్ద పాఠశాల. చిల్కానగర్ నుంచి ఒక వైపు ఉప్పల్ పారిశ్రామికవాడ, ఇంకో వైపు నాచారం, మల్లాపూర్. కొంచెం దూరం పోతే చర్లపల్లి, పోచారంలో ఇన్ఫోసిస్. ఉప్పల్‌లోనే జెన్‌పాక్ట్. హబ్సిగూడ, తార్నాక దారిలో ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ, ఐఐసీటీ. రోజూ బస్సులో, మెట్రోలో వీటి ముందు నుంచే పోతాం.

ఒక ఉదాహరణ చెబుతాం. నాచారం పారిశ్రామికవాడలో ఆవ్రా లేబొరేటరీస్ ఉంది. దాన్ని స్థాపించిన ఎ.వి. రామారావు అంతకు ముందు ఐఐసీటీ డైరెక్టర్. 1995లో అక్కడ పదవీ విరమణ చేశాక ఈ కంపెనీ పెట్టారు. ఆయన ఇంటిపేరు, పేరులోని ఇంగ్లిష్ అక్షరాలే కంపెనీ పేరు. 2016లో పద్మభూషణ్ వచ్చింది. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి కూడా మొదట బాలానగర్ ఐడీపీఎల్‌లో, అంటే ప్రభుత్వ మందుల కంపెనీలో పనిచేశారు. ప్రభుత్వ పరిశోధనశాలల్లో, ప్రభుత్వ కర్మాగారంలో నేర్చుకున్నవాళ్లు బయటికి వచ్చి కంపెనీలు పెట్టడం హైదరాబాద్‌లో ఇన్ని మందుల కంపెనీలు ఉండటానికి ఒక కారణం.

ఇది తెలిస్తే ఏం లాభం? "మా కంపెనీ గురించి మీకేం తెలుసు?" అని ఇంటర్వ్యూలో తప్పకుండా అడుగుతారు. "ఇది చాలా మంచి కంపెనీ, పేరున్న కంపెనీ సార్" అంటే వాళ్లు ఆ మాట ఆ రోజు ఇరవైసార్లు విని ఉంటారు. దానికి బదులు ఇట్లా చెప్పండి: "మీరు మందులకు కావలసిన రసాయనాలు తయారు చేస్తారు, ఇతర కంపెనీల కోసం పరిశోధన కూడా చేస్తారు. నేను బీఎస్సీ ప్రాక్టికల్స్‌లో టైట్రేషన్లు, క్రిస్టలైజేషన్ చేశాను. క్వాలిటీ కంట్రోల్‌లో మొదలుపెట్టి నేర్చుకోవాలని ఉంది." మూడు వాక్యాలే. మొదటి వాక్యం వాళ్ల గురించి, రెండోది మన గురించి, మూడోది ఆ రెండింటికీ ముడి. ఇంగ్లిష్ కొంచెం తడబడినా ఈ ముడి గట్టిగా ఉంటే వినేవాళ్లు తల ఎత్తి చూస్తారు.

స్టాక్ మార్కెట్‌లో ఉన్న కంపెనీ అయితే వార్షిక నివేదిక వాళ్ల వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది. రెండు వందల పేజీలు చూసి భయపడొద్దు. అమ్మకాలు నిరుటి కన్నా పెరిగాయా తగ్గాయా, ఎక్కడ కొత్త ఫ్యాక్టరీ కడుతున్నారు, ఎంతమంది ఉద్యోగులు. ఈ మూడు వెతికితే చాలు.

నాలుగోది, ఆరు నెలల వార్తలు చదవాలి.

కంపెనీ తన గురించి తాను చెప్పుకునేది ఒకటి, బయటివాళ్లు చెప్పేది ఒకటి. రెండూ కావాలి. సత్యం కంప్యూటర్స్ సంగతి మీలో చాలామంది పుట్టిన కొత్తలో జరిగింది. మన హైదరాబాద్ కంపెనీ, యాభై వేల మంది దాకా ఉద్యోగులు. 2008 సెప్టెంబర్‌లో కంపెనీని బాగా పాలిస్తున్నందుకు గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు లెక్కలు తప్పుడువని స్వయంగా లేఖ రాశారు. బ్యాంకుల్లో ఉన్నట్టు చూపిన డబ్బులో 5,000 కోట్లకు పైగా అసలు లేనే లేదు. లోపలి లెక్కలు బయటి పిల్లలకు తెలిసే అవకాశం లేదు, నిజమే. కానీ మూడు వారాల ముందు, డిసెంబర్ 16న, సత్యం ఆ కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీలను కొంటామని ప్రకటించింది. మదుపరులు మండిపడితే గంటల్లోనే వెనక్కి తీసుకుంది. ఆ నెలలోనే స్వతంత్ర డైరెక్టర్లు ఒకరి తర్వాత ఒకరు రాజీనామా చేశారు. ఇవన్నీ పేపర్లలో వచ్చాయి. ఆ రోజుల్లో అక్కడ ఇంటర్వ్యూకు వెళ్లే పిల్లవాడు అవార్డు ఒక్కటే చూసి ఉంటే ఒక రకం, ఆ వార్తలు చదివి ఉంటే ఇంకో రకం. కనీసం ఇంకో చోట కూడా దరఖాస్తు పెట్టుకునేవాడు. తర్వాత ఆ కంపెనీని టెక్ మహీంద్రా తీసుకుని నిలబెట్టింది.

ఐదోది, ప్రాణం సంగతి.

మన పిల్లలు చాలామంది కెమిస్ట్రీ చదివి మందుల ఫ్యాక్టరీలకు వెళ్తున్నారు. ఐటీఐ చేసినవాళ్లు బాయిలర్ల దగ్గర, ప్రెషర్ యంత్రాల దగ్గర పనిచేస్తున్నారు. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో సిగాచి ఇండస్ట్రీస్‌లో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. ఒడిశా, బీహార్, జార్ఖండ్ లాంటి రాష్ట్రాల నుంచి పొట్టకూటికి వచ్చినవాళ్లు వాళ్లలో ఎక్కువ. అది కూడా స్టాక్ మార్కెట్‌లో ఉన్న కంపెనీయే. కాబట్టి సీఐఎన్‌లో 'ఎల్' చూసి నిశ్చింతగా ఉండలేం.

ఫ్యాక్టరీ ఉద్యోగం అయితే కంపెనీ పేరు పక్కన 'ప్రమాదం' అనే మాట చేర్చి తెలుగులో, ఇంగ్లిష్‌లో వెతకండి. ఇంటర్వ్యూలో మర్యాదగా అడగండి: "చేరాక సేఫ్టీ ట్రైనింగ్ ఎన్ని రోజులు ఉంటుంది సార్? నేను పనిచేసే చోట ఏ రసాయనాలు ఉంటాయి?" మంచి కంపెనీ ఈ ప్రశ్నకు సంతోషిస్తుంది. చిరాకు పడితే, మీకు కావలసిన జవాబు వచ్చినట్టే.

ఆరోది, కాళ్లకు పని చెప్పాలి.

ఫోన్‌లో కనిపించనివి గేటు దగ్గర కనిపిస్తాయి. ఇంటర్వ్యూకు ఒకటి రెండు రోజుల ముందు వెళ్లి చూసి రండి. షిఫ్ట్ వదిలే వేళకు ఎదురుగా ఉన్న చాయ్ బండి దగ్గర నిలబడండి. జీతం ఏ తారీఖున పడుతుంది, ఓవర్‌టైమ్‌కు డబ్బులు ఇస్తారా, జనం ఎక్కువ రోజులు ఉంటున్నారా, ఊరికే మానేస్తున్నారా అని అన్నా, అక్కా అని పలకరించి అడగండి. మనవాళ్లు పని చేస్తుంటే గోర్ బోలిలోనో, గోండిలోనో, కోయ భాషలోనో అడగండి. సొంత భాషలో అడిగితే అసలు సంగతి బయటికి వస్తుంది. అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. రాత్రి షిఫ్ట్ ఉంటుందా, ఉంటే క్యాబ్ హాస్టల్ దాకా వస్తుందా, రోడ్డు మీద వదిలేస్తుందా అన్నది అప్పుడే తెలుస్తుంది.

మా హాస్టల్లో ఉన్న ఒక అమ్మాయి సంగతి చెబుతాం. పేరు, కంపెనీ పేరు వద్దు. ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ సెలెక్ట్ అయ్యావంది. ట్రైనింగ్ కోసం లక్షన్నర కట్టాలి, ఉద్యోగంలో చేరాక తిరిగి ఇస్తాం అన్నారు. తండాలో నాన్న ఎడ్లు అమ్మడానికి బేరం కూడా పెట్టుకున్నాడు. రూమ్‌లోని అమ్మాయిలు కూర్చుని వెతికారు. కంపెనీ నమోదై నాలుగు నెలలే అయింది. రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా ఒకటి, ఇంటర్వ్యూ జరిగిన చోటు ఇంకొకటి. ఇద్దరు అమ్మాయిలు ఉప్పల్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగి, ఆ బిల్డింగ్ కింద జిరాక్స్ షాపులో అడిగారు. ఆ అంతస్తులో ఏడాదిలో మూడు బోర్డులు మారాయని ఆయన చెప్పాడు. డబ్బు కట్టలేదు. కొన్ని నెలలకు అక్కడ తాళం పడింది. ఆ అమ్మాయి తర్వాత నాచారంలో ఒక చిన్న ల్యాబ్‌లో చేరింది. జీతం తక్కువే. కానీ నెల నెలా పడుతుంది, పీఎఫ్ ఉంది. ఎడ్లు కొట్టంలోనే ఉన్నాయి.

కాబట్టి కొన్ని గుర్తులు కనిపిస్తే ఆగిపోండి. ఉద్యోగం ఇవ్వడానికి డబ్బు అడగడం. ట్రైనింగ్, డిపాజిట్, బ్యాక్‌డోర్, పేరు ఏదైనా సరే. ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర పెట్టండి అనడం. చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్ మాత్రం వదలొద్దు. పెద్ద కంపెనీ పేరు చెప్పి జీమెయిల్ నుంచి ఆఫర్ లెటర్ పంపడం. ఇంటర్వ్యూ అంతా వాట్సాప్ చాటింగ్‌లోనే ముగించడం. ఈ రోజే చెప్పాలి, లేకపోతే సీటు పోతుంది అని తొందర పెట్టడం.

విదేశీ ఉద్యోగమైతే ఇంకా జాగ్రత్త. డేటా ఎంట్రీ అని చెప్పి కంబోడియా, మయన్మార్ తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించే ముఠాలు ఉన్నాయి. 2025 మార్చిలో థాయిలాండ్ మీదుగా ఐదు వందల మందికి పైగా భారతీయులను వైమానిక దళ విమానాల్లో వెనక్కి తేవాల్సి వచ్చింది. ఏజెంట్‌కు లైసెన్స్ ఉందా లేదా ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడవచ్చు. లైసెన్స్ ఉన్న ఏజెంట్ సేవా రుసుముగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశీ ఉద్యోగాలకు పంపుతుంది, ముందు అక్కడ అడగండి. ఆన్‌లైన్‌లో ఇప్పటికే డబ్బు పోయి ఉంటే సిగ్గుపడి దాచుకోవద్దు. 1930కి వెంటనే ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఇన్ని చెప్పాక మీలో కొందరికి ఒక అనుమానం వస్తుంది. "ఉద్యోగం దొరకడమే కష్టం, ఇన్ని ప్రశ్నలు అడిగితే మనకెవరు ఇస్తారు మేడం?" ఈ మాట మా పిల్లలు మమ్మల్ని అడుగుతూనే ఉంటారు. ఈ భయం ఎక్కడి నుంచి వచ్చిందో మాకు తెలుసు. ఆఫీసుల ముందు, షావుకార్ల ముందు చేతులు కట్టుకుని నిలబడిన తరాల నుంచి వచ్చింది. అవతలివాడు ఇచ్చేది దయ అనుకుంటే ప్రశ్న నోట్లోంచి రాదు. ఉద్యోగం దయ కాదు. వాళ్లకు పని కావాలి, మనకు జీతం కావాలి. అవసరం ఇద్దరిదీ. తెలుసుకుని వెళ్లినవాళ్ల గొంతులో వణుకు తగ్గడం మేము కళ్లారా చూశాం. అన్నీ తెలుసుకున్నాక కూడా అంత మంచిది కాని ఉద్యోగంలో చేరాల్సి రావచ్చు. చేరండి. అప్పుడు దేనికి ఒప్పుకున్నారో, ఎన్నాళ్లు ఉంటారో మీ లెక్క మీకు ఉంటుంది.

ఇక్కడ ఉపాధ్యాయ శిక్షణ తీసుకున్నవాళ్లుగా మాకు ఒక ఊరు గుర్తొస్తుంది. ఆసిఫాబాద్ ప్రాంతంలోని మార్లవాయి. 1940ల్లో హైమన్‌డార్ఫ్ అక్కడ గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలుపెట్టించారు. అప్పుడు కాగితం చదవలేక భూములు పోగొట్టుకుంటున్న రోజులు. ఏ కాగితం మీద ఏముందో తెలియకుండా వేలిముద్ర వేయకూడదని ఆ చదువు మొదలైంది. ఇప్పుడు మనకు చదవడం వచ్చు. ఆఫర్ లెటర్ కూడా కాగితమే. చదివి సంతకం పెట్టండి.

చివరిగా ఒక పని అప్పజెబుతాం. ప్రతి హాస్టల్లో, ప్రతి సంఘం ఆఫీసులో ఒక రిజిస్టర్ పెట్టండి. ఇంటర్వ్యూకు వెళ్లి వచ్చిన ప్రతి ఒక్కరు ఒక పేజీ రాయాలి. కంపెనీ పేరు, చిరునామా, గేటు మీది పేరు, జీతం చీటీ మీది పేరు, అడిగిన ప్రశ్నలు, చెప్పిన జీతం, పీఎఫ్, ఈఎస్‌ఐ, రవాణా, డబ్బు అడిగారా లేదా. విన్నది వేరే, చూసింది వేరే రాయండి. ఎవరి మీదా కోపంతో రాయొద్దు. ఆ పేజీ ఫొటో ఒకటి ఊళ్లో అమ్మానాన్నలకు కూడా పంపండి. బిడ్డ ఎక్కడ పనిచేస్తోంది, ఎవరి దగ్గర పనిచేస్తోంది అన్నది వాళ్లకూ తెలియాలి. రెండేళ్లు గడిచేసరికి ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చర్లపల్లి మొత్తం ఆ రిజిస్టర్‌లో ఉంటుంది. ఆదిలాబాద్ నుంచో, ములుగు నుంచో, దేవరకొండ నుంచో కొత్తగా బస్సు దిగిన తమ్ముడు మొదటి ఇంటర్వ్యూకు ఒట్టి చేతులతో వెళ్లడు.

మొదటి పేజీ ఈ వారంలోనే రాయండి. మా హాస్టల్ పిల్లలు ఇప్పటికే పదకొండు పేజీలు రాశారు, ఎవరికి కావాలన్నా వచ్చి చూసుకోవచ్చు.